అమ్మకి నిద్ర పట్టట్లేదు, ఈ నాలుగు సీసాల్లో ఏది ఇవ్వచ్చు?

మాధవి_డల్లాస్ · శనివారం

అందరికీ నమస్కారం. మా అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చి పన్నెండు రోజులైంది. వయసు 67. మొదటి వారం జెట్ లాగ్ అనుకుని ఊరుకున్నాం. ఇప్పటికీ పదకొండుకి పడుకుంటే ఒంటిగంటకల్లా లేచి కూర్చుంటోంది. మళ్ళీ పడుకోవడం, మళ్ళీ లేవడం. పగలు మాత్రం సోఫాలో కూర్చున్నచోటే కునుకు.

నిన్న స్టోర్‌కి వెళ్తే నిద్ర సప్లిమెంట్లకి ఒక వరస మొత్తం ఉంది. ఏం తీసుకోవాలో తెలీక నాలుగు తెచ్చాను:

– మెలటోనిన్ గమ్మీలు, ఒక్కోటి 5 మి.గ్రా.
– మెగ్నీషియం గ్లైసినేట్
– మూలికల క్యాప్సూల్స్. వలేరియన్, అశ్వగంధ, ఎల్-థియనైన్, గాబా, ఇంకేవో కలిపి "స్లీప్ బ్లెండ్" అని ఉంది
– పేరు చివర "పీఎం" అని ఉన్న నొప్పి బిళ్ళలు

అమ్మకి మోకాళ్ళ నొప్పి కూడా ఉంది కదా, రెండూ తీరతాయని రాత్రి పీఎం బిళ్ళలు రెండు ఇచ్చాను. సీసా మీద రెండే వేసుకోమని ఉంది. మూడింటికి వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. అమ్మ చీకట్లో గోడ పట్టుకుని నిలబడి గిన్నె కోసం తడుముతోంది. "పాలవాడు వచ్చాడే, గిన్నె ఎక్కడ పెట్టావు" అంటోంది. తెనాలిలో ఉన్నాననుకుంటోంది! నాలుక పిడచ కట్టుకుపోయింది. పొద్దున పదింటికి మామూలుగా అయింది, కానీ నాకు ఇంకా చేతులు వణుకుతున్నాయి. మిగతా మూడింట్లో ఏది ఇవ్వచ్చు? అసలు ఇవ్వచ్చా?

శ్రీను_నైట్‌షిఫ్ట్ · శనివారం

అక్కా, గమ్మీలు ఇవ్వండి, ఏం కాదు. నేను రెండేళ్ళుగా మెలటోనిన్ 10 వాడుతున్నా. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్, పొద్దున ఏడింటికి రూముకొచ్చి కర్టెన్లు వేసుకుని ఒకటి వేసుకుంటే లైట్ ఆర్పినట్టు నిద్ర. అది మందు కాదు, శరీరంలో ఉండేదే. నేచురల్.

పాత_మాస్టారు · శనివారం

అమ్మాయీ, ఈ సీసాలన్నీ పక్కన పెట్టు. గోరువెచ్చని పాలలో జాజికాయ రెండు గీతలు అరగదీసి ఇవ్వు. మా ఇంట్లో మూడు తరాలుగా అదే. గసగసాలు నూరి కలిపినా మంచిదే. రాజమండ్రిలో మా అమ్మగారు పసిపిల్లలకి కూడా పట్టించేవారు.

మందులషాపు_మూర్తి · శనివారం

మాధవి గారూ, ముందు ఆ పీఎం బిళ్ళలు ఆపేయండి. ఈ రాత్రి కూడా వద్దు.

విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈ "పీఎం" మాత్రల గురించి అమెరికా వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు ప్రతి వేసవిలో నన్ను అడుగుతారు. అందులో ఉండేవి రెండు. ఒకటి ఎసిటమినోఫెన్, అంటే మన పారాసెటమాల్. అక్కడ పేరు మారింది, అంతే. రెండోది డైఫెన్‌హైడ్రమిన్. మన దగ్గర పాతకాలం దగ్గు సిరప్‌లో ఉండేది అదే. అలర్జీ మందు. దానివల్ల వచ్చే మత్తునే అక్కడ నిద్రమందుగా అమ్ముతున్నారు.

ఆ మందు అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. మెదడులో జ్ఞాపకానికీ తెలివికీ, నోట్లో లాలాజలానికీ, మూత్రాశయానికీ, పేగులకీ అన్నిటికీ అదే కావాలి. అందుకే నాలుక పిడచ కట్టడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, పెద్దవాళ్ళకైతే ఉన్న ఊరు కూడా తెలియకపోవడం. మీ అమ్మగారు పాలవాడు వచ్చాడన్నారంటే మతిమరుపు వచ్చిందని భయపడకండి, నాకు మందు పనిలాగే కనిపిస్తోంది. 65 దాటినవాళ్ళకి ఇవ్వకూడని మందులంటూ అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘం ఒక జాబితా పెట్టుకుంది, దాన్ని బీర్స్ జాబితా అంటారు. డైఫెన్‌హైడ్రమిన్ అందులో ఉంది. దాని అన్నగారు డాక్సిలమిన్ కూడా ఉంది. మన దగ్గర గర్భిణులకి వాంతులు తగ్గడానికి ఇచ్చే మాత్రలో ఉండేది ఈ డాక్సిలమినే.

సీసా పేరు చూసి కొనకండి. యూనిసమ్ అని ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. బిళ్ళల్లో డాక్సిలమిన్, జెల్ క్యాప్సూల్స్‌లో డైఫెన్‌హైడ్రమిన్. పేరు ఒకటే, మందు వేరు.

ఇంకో ప్రశ్న. మోకాళ్ళ నొప్పికి అమ్మగారు ఇండియా నుంచి ఏమైనా తెచ్చుకున్నారా?

మాధవి_డల్లాస్ · శనివారం

మూర్తి గారూ, ఆపేశాను. సీసా డస్ట్‌బిన్‌లో పడేసి మళ్ళీ మీకు లేబుల్ చదివి చెప్పాల్సి వస్తుందేమోనని తీశాను.

ఆఁ, డోలో 650 తెచ్చుకుంది. నొప్పి ఉన్నరోజు మూడు వేసుకుంటుంది. నిన్న మూడూ వేసుకుందట, నాకు చెప్పలేదు.

మందులషాపు_మూర్తి · శనివారం

అదే నా భయం. డోలో మూడు అంటే 1950 మి.గ్రా. మీరిచ్చిన పీఎం రెండిట్లో 500 చొప్పున ఇంకో 1000. మొత్తం 2950. రోజుకి 4000 హద్దు కాబట్టి నిన్నటికి గండం లేదు. కానీ అక్కడే ఇంకో జలుబు మందు తాగి ఉంటే, అందులోనూ ఇదే ఉంటుంది. కాలేయానికి మూడు సీసాల పేర్లు తెలీవు, లోపలికొచ్చిన పారాసెటమాల్ ఒక్కటే తెలుసు.

వరంగల్_డాక్టరమ్మ · ఆదివారం

ముందే చెప్తున్నా, నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, కానీ ఇది కన్సల్టేషన్ కాదు. అమ్మగారిని చూడకుండా ఏ మాత్రా చెప్పను. మూర్తి గారు రాసిన ప్రతి మాటా సరైనదే.

శ్రీనూ, "మందు కాదు, శరీరంలో ఉండేదే" అన్నావు. ఇన్సులిన్ కూడా శరీరంలో ఉండేదే. మెలటోనిన్ హార్మోను. చీకటి పడగానే మెదడులో పీనియల్ గ్రంథి దాన్ని విడుదల చేసి "రాత్రయింది" అని ఒంటికంతటికీ కబురు పెడుతుంది. మత్తెక్కించి పడుకోబెట్టే పని దానిది కాదు. అందుకే ఏ వేళకి వేసుకున్నామన్నదే అన్నిటికన్నా ముఖ్యం. దూరప్రయాణం చేసి వచ్చినవాళ్ళకి, చేరిన ఊళ్ళో పడుకునే వేళకి, 0.5 నుంచి 5 మి.గ్రా. లోపు కొద్ది రోజులు ఇస్తే ఉపయోగం ఉందనడానికి ఆధారం ఉంది. మామూలు నిద్రలేమికి అంత లేదు. 2013లో పందొమ్మిది అధ్యయనాలు కలిపి లెక్కేస్తే నిద్ర పట్టే సమయం తగ్గింది సుమారు 7 నిమిషాలు. ఏడు నిమిషాలకి సీసా కొనుక్కోవాలా వద్దా మీ ఇష్టం. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మెలటోనిన్, వలేరియన్, ట్రిప్టోఫాన్, డైఫెన్‌హైడ్రమిన్, ఈ నాలుగింటినీ వాడకపోవడమే మేలన్నారు.

ఇక గమ్మీల సంగతి. అక్కడ 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు ఆహారం కిందికి వస్తాయి. అమ్మేముందు పనిచేస్తుందని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి రుజువు చూపించక్కర్లేదు. 2023లో జామా అనే వైద్య పత్రికలో ఒక పరీక్ష వచ్చింది. 25 రకాల మెలటోనిన్ గమ్మీలు కొని లోపల ఎంతుందో కొలిచారు. 22 తప్పు. లేబుల్ మీద రాసిన దాంట్లో 74 శాతం ఉన్నవి ఉన్నాయి, 347 శాతం ఉన్నవీ ఉన్నాయి. ఒకదాంట్లో మెలటోనిన్ లేనే లేదు. కెనడాలో 2017లో 31 సీసాలు పరీక్షిస్తే ఎనిమిదింట్లో సెరటోనిన్ అనే మెదడు రసాయనం దొరికింది. లేబుల్ మీద దాని ఊసే లేదు. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్ళకి అది మంచిది కాదు.

మాధవి, మీ 5 మి.గ్రా. గమ్మీలో ఎంతుందో మీకు తెలీదు, నాకు తెలీదు.

శ్రీను_నైట్‌షిఫ్ట్ · ఆదివారం

డాక్టర్ గారూ, మరి నాకు రెండేళ్ళుగా పనిచేస్తోంది కదా?

వరంగల్_డాక్టరమ్మ · ఆదివారం

పనిచేస్తుండచ్చు. నీది వేళ తారుమారైన సమస్య, మెలటోనిన్‌కి తగినది. పైగా కర్టెన్లు వేసుకుంటున్నావు, ఆ క్రెడిట్ కూడా గమ్మీకే ఇస్తున్నావు. కానీ 10 ఎందుకు? శరీరం రాత్రంతా తయారుచేసుకునేది అందులో చాలా చిన్న వంతు. 1 తో చూశావా ఎప్పుడైనా? ఇంకా ఏమైనా వేసుకుంటున్నావా, నిజం చెప్పు.

శ్రీను_నైట్‌షిఫ్ట్ · ఆదివారం

... వీకాఫ్ రోజు రాత్రి నిద్ర రాకపోతే సెట్రిజిన్. జలుబు లేకున్నా.

కిరణ్_ఎడిసన్ · ఆదివారం

గమ్మీల గురించి నేనూ ఒకటి చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. మా బాబుకి నాలుగేళ్ళు. నా బెడ్ పక్క డ్రాయర్లో సీసా ఉండేది. ఎలుగుబంటి ఆకారం, స్ట్రాబెర్రీ వాసన. వాడికి అది చాక్లెట్ కాక మరేమిటి? ఒకరోజు సాయంత్రం మూత తీసి ఉంది. ఎన్ని తిన్నాడో తెలీదు, పది దాకా తగ్గినట్టున్నాయి. పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాం (అమెరికాలో ఎక్కడినుంచైనా 1-800-222-1222, ఫ్రిజ్ మీద రాసిపెట్టుకోండి). బరువు, మోతాదు అడిగారు, ఊపిరి గమనిస్తూ ఉండమన్నారు, లేపితే లేవకపోతే 911 అన్నారు. మా ఆవిడా నేనూ రాత్రంతా వాడి పొట్ట పైకీ కిందకీ కదలడం చూస్తూ కూర్చున్నాం. పొద్దున లేచి దోసె అడిగాడు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదని. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో పిల్లలు మెలటోనిన్ మింగిన కేసులు 2012లో 8,337 ఉంటే 2021కి 52,563. ఇద్దరు పిల్లలు చనిపోయారు కూడా. చైల్డ్‌లాక్ మూత లేని సీసా ఇంట్లోకి రానివ్వకండి.

లీడ్స్_లక్ష్మి · ఆదివారం

ఇక్కడ యూకేలో మెలటోనిన్ కావాలంటే డాక్టర్ చీటీ ఉండాలి. మా అత్తగారు అమెరికాలో ఆడపడుచు ఇంటికెళ్ళి మూడు సీసాలు తెచ్చుకున్నారు, మిఠాయిల్లా పంచిపెడుతున్నారు. ఒక దేశంలో మందు, ఇంకో దేశంలో మిఠాయి.

దుబాయ్_రమేష్ · ఆదివారం

మాస్టారూ, మీ గసగసాల సలహా గల్ఫ్‌లో ఉన్నవాళ్ళెవరూ పాటించకుండా చూడండి సార్, దండం పెడతా. యూఏఈలో గసగసాలు నిషేధం, మత్తుమందు కింద లెక్క. మసాలా ప్యాకెట్‌లో ఉన్నా ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు. ఊరినుంచి వచ్చేవాళ్ళందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే.

వరంగల్_డాక్టరమ్మ · ఆదివారం

పసిపిల్లలకి గసగసాలు అస్సలు వద్దు మాస్టారూ. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. గింజకి అంటుకున్న కాయ పాలు సరిగా పోకపోతే మార్ఫిన్ ఉంటుంది, పసివాడి ఊపిరి మందగించేది దానివల్లే. జాజికాయ మీరన్న రెండు గీతలకి పాయసం రుచి వస్తుంది, అంతకు మించి ఏమీ కాదు. "ఇంకాస్త వేస్తే ఇంకాస్త నిద్ర" అనుకుని చెంచాడు వేసుకున్నవాళ్ళు మాత్రం గుండెదడతో, లేనివి కనిపిస్తూ ఆసుపత్రికి వస్తారు.

పాత_మాస్టారు · ఆదివారం

సరేనమ్మా. మా అమ్మగారి వైద్యంలో బతికి బయటపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే ఇక్కడ మాట్లాడుతున్నానన్నమాట. పాలు మాత్రం తాగొచ్చుగా?

పెన్నేరుగడ్డ · సోమవారం

ఏం మాట్లాడినా ఇంగ్లిషు మందులు, అమెరికా పత్రికలేనా? అశ్వగంధ అంటే మన పెన్నేరుగడ్డ. చరకుడి కాలం నుంచి వాడుతున్నాం. నేను రోజూ రాత్రి పాలలో చెంచా చూర్ణం వేసుకుంటాను, బంగారంలాంటి నిద్ర. ఆ మూలికల క్యాప్సూల్స్ ఇవ్వండి మాధవి గారూ, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వరంగల్_డాక్టరమ్మ · సోమవారం

అశ్వగంధ నిద్రకి కాస్త ఉపయోగపడుతుందని చిన్న చిన్న పరీక్షలు ఉన్నాయి. నేను కాదనను. "సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్న మాట దగ్గరే గొడవ. కొందరిలో కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చాయి. ఐస్‌లాండ్, అమెరికా, మన ఇండియా, మూడు చోట్లా డాక్టర్లు కేసులు రాశారు. వాడటం మొదలుపెట్టిన కొన్ని వారాలకి దురద, పచ్చ కళ్ళు. ఎక్కువమందికి ఆపేస్తే తగ్గింది, ముందే కాలేయం జబ్బున్నవాళ్ళకి ప్రాణం మీదికొచ్చింది. డెన్మార్క్ 2023లో నిషేధించింది. అది అతి అనేవాళ్ళూ ఉన్నారు, నాకూ కొంచెం అతిగానే అనిపించింది. థైరాయిడ్ హార్మోన్లను కూడా పెంచుతుంది కాబట్టి థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు ఊరికే మొదలుపెట్టకూడదు. గర్భిణులు అసలే వద్దు.

మీరు పాలలో వేసుకునే వేరు పొడి వేరు, గట్టిగా తీసిన సారాన్ని క్యాప్సూల్‌లో కూరింది వేరు. చరకుడు గమ్మీ చేయలేదు.

పెన్నేరుగడ్డ · సోమవారం

పారాసెటమాల్‌తో కాలేయం పోయినవాళ్ళ లెక్క కూడా చెప్పండి డాక్టర్ గారూ, అప్పుడు మాట్లాడుకుందాం.

వరంగల్_డాక్టరమ్మ · సోమవారం

పోతుంది. పైన మూర్తి గారు లెక్క వేసింది అందుకే. తేడా ఏమిటంటే ఎంత దాటితే ప్రమాదమో డోలో స్ట్రిప్ పట్టుకుని నేను చెప్పగలను. మీ బ్లెండ్ సీసా పట్టుకుని చెప్పలేను.

నిర్వాహకుడు · సోమవారం

ఆయుర్వేదమా అల్లోపతీయా అన్న పంచాయితీకి వేరే దారం ఉంది, ఇప్పటికే 900 పోస్టులు. ఇక్కడ మాధవి గారి అమ్మగారి గురించి మాట్లాడుదాం.

జీడిమెట్ల_క్యూసీ · సోమవారం

డాక్టర్ గారి చివరి వాక్యం దగ్గర నేను అందుకుంటా. ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ నా పని, రోజంతా ఇలాంటి పొడులనే మెషిన్‌లో పెట్టి చూస్తా.

మాధవి గారూ, ఆ సీసా వెనక్కి తిప్పండి. "ప్రొప్రైటరీ బ్లెండ్ 850 మి.గ్రా." లాంటి ముక్క ఉండి, కింద పదార్థాల పేర్లు మాత్రమే ఉన్నాయా? అలా ఉంటే దేనిది ఎంతో కంపెనీ చెప్పక్కర్లేదు. ఎక్కువ ఉన్నది ముందు రాయాలి, అంతే రూలు. కిరాణా కొట్టువాడు "పప్పులన్నీ కలిపి కిలో" అని సంచి ఇస్తే అందులో కందిపప్పు గుప్పెడో అరకిలోనో ఎలా తెలుస్తుంది? నేనైతే బ్లెండ్ అన్న మాట చూడగానే షెల్ఫ్‌లో తిరిగి పెట్టేస్తా. ఒక్క పదార్థం, దాని మోతాదు విడిగా ఉన్న సీసా అయితేనే ఆలోచిస్తా.

రెండోది ముద్రలు. అక్కడ యూఎస్‌పీ వెరిఫైడ్, ఎన్‌ఎస్‌ఎఫ్ అని ఉంటే లేబుల్ మీద రాసిందే లోపల ఉందని బయటివాళ్ళు పరీక్షించారని అర్థం. నిద్ర వస్తుందని అర్థం కాదు! మన దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు చూసి "గవర్నమెంట్ ఆమోదించింది" అంటారు. అది ఆహార వ్యాపారం లైసెన్సు నంబరు, మిక్చర్ ప్యాకెట్ మీద కూడా ఉంటుంది. అదే సప్లిమెంట్ డబ్బా మీద చిన్న అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని కూడా ఉంటుంది, అదెవరూ చదవరు.

మెగ్నీషియం. ముందువైపు పెద్దగా 1000 అని ఉంటే అది మొత్తం ఉప్పు బరువు కావచ్చు. గ్లైసినేట్‌లో అసలు మెగ్నీషియం 14 శాతం దాకే. అంటే 140. ఆక్సైడ్‌లో 60 శాతం ఉంటుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ, బాత్రూమ్‌కి పంపేది ఎక్కువ. సప్లిమెంట్ల ద్వారా రోజుకి 350 దాటొద్దని అమెరికాలో పెద్దలకి పెట్టిన హద్దు. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఆ లెక్క కూడా పనికిరాదు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు.

"నేచురల్" అనేవాళ్ళకి మా సీనియర్ ఎప్పుడూ ఒక కథ చెప్పేవారు. 1989లో అమెరికాలో నిద్రకని ఎల్-ట్రిప్టోఫాన్ వాడినవాళ్ళకి ఉన్నట్టుండి కండరాలు పట్టేసి, రక్తంలో ఒక రకం కణాలు విపరీతంగా పెరిగిపోయాయి. 1500 మందికి పైగా. ముప్పై ఏడు మంది పోయారు. ఎక్కువ కేసులు ఒకే జపాన్ కంపెనీ సరుకు దగ్గరికి తేలాయి. పాలలో, గుడ్డులో ఉండేదే ఆ ట్రిప్టోఫాన్. తయారీలో ఏదో మలినం కలిసిందని అనుమానం. ఆ కథ విన్నాక నేను రిపోర్ట్‌లో మలినాల కాలమ్ ముందు చూడటం మొదలుపెట్టా.

1998లో ఇంకోటి. "స్లీపింగ్ బుద్ధ" అని మూలికల మందు. పరీక్షిస్తే లోపల ఎస్టజోలం, అంటే అసలు సిసలు నిద్రమాత్ర.

కరీంనగర్_అన్న · సోమవారం

మందు కలిపి మూలికంటే మాకు కొత్త కాదు తమ్మీ. మా దిక్కు కల్తీ కల్లు సంగతి ఎవరికి తెల్వదు? అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతరు. తాగేటోళ్ళు కల్లనుకుంటరు, అలవాటైంది గోలీకి. దుకాణం నాలుగు రోజులు బందైతే చేతులు వణుకుడు, పిచ్చిపిచ్చిగ మాట్లాడుడు, దవాఖానల ముంగట లైన్లు. మా బాపు ఇరవై ఏండ్లు "కల్లు లేకుంటే నిద్ర రాదు" అన్నడు. వచ్చింది కల్లుతోని కాదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా ఊర్ల అదే గోలీ చీటీ లేకుండ అడిగేటోళ్ళు ఉన్నరు. మూర్తిగారూ, మీరు ఇస్తరా?

మందులషాపు_మూర్తి · సోమవారం

ఇవ్వను అన్నా. అల్ప్రజోలం, జోల్పిడెం రెండూ షెడ్యూల్ హెచ్1. చీటీ చూసి, రిజిస్టర్‌లో పేషెంటు పేరు, డాక్టర్ పేరు, ఎన్నిచ్చామో రాసి, మూడేళ్ళు దాచాలి. ఇవ్వనందుకు పోయిన గిరాకీ ఉంది. పక్క షాపువాడు ఇస్తాడని నాకే చెప్పి వెళ్తారు.

మాధవి గారూ, ఇన్ని పోస్టులైనా అసలు ప్రశ్న మనం ఎవరమూ అడగలేదు, నాతో సహా. డోలో కాక అమ్మగారు రోజూ వేసుకునేవి ఏమిటి, ఏ వేళకి? కాఫీ ఎప్పుడు తాగుతారు? రాత్రి లేచినప్పుడు ఊరికే మెలకువ వస్తోందా, బాత్రూమ్‌కి లేస్తున్నారా?

మాధవి_డల్లాస్ · సోమవారం

అమ్మని కూర్చోబెట్టి డబ్బా మొత్తం బోర్లించాను. బీపీకి టెల్మిసార్టాన్ 40 హెచ్, ఒకటి. కొలెస్ట్రాల్‌ది ఒకటి. కాల్షియం. కాఫీ పొద్దున ఒకటి, సాయంత్రం ఐదున్నరకి ఇంకోటి, మా ఆయన డికాషన్ గట్టిగా తీస్తారు.

బాత్రూమ్‌కే లేస్తోంది. మూడు నాలుగు సార్లు. అడిగితే "ఇక్కడ చలి కదే" అంటోంది.

బీపీ బిళ్ళ ఎప్పుడు అంటే "ఎప్పటిలాగే పొద్దున ఎనిమిదింటికి" అంది. ఇంట్లో ఎవరం చూడలేదే అని అడిగితే చేతి గడియారం చూపించింది. అది ఇంకా ఇండియా టైమే! "మందులు వేళ తప్పకూడదని డాక్టర్ గారు చెప్పారు, అందుకే మార్చలేదు" అంది. తెనాలిలో పొద్దున ఎనిమిది అంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర.

మందులషాపు_మూర్తి · సోమవారం

ఆ "హెచ్" హైడ్రోక్లోరోథయాజైడ్ తల్లీ. ఒంట్లో నీటిని మూత్రంగా తోసేసే మందు. వేసుకున్న రెండు గంటల్లో మొదలై ఆరు నుంచి పన్నెండు గంటలు పని చేస్తుంది. అందుకే పొద్దున వేసుకోమంటాం. రాత్రి తొమ్మిదిన్నరకి వేసుకుంటే పదకొండున్నర నుంచి తెల్లవార్లూ బాత్రూమే. దాని మీద మీరు మత్తు బిళ్ళ ఇచ్చారు. మూత్రానికి లేవక తప్పదు, లేస్తే ఒళ్ళు స్వాధీనంలో లేదు. ఆ చీకట్లో పడకపోవడం అదృష్టం.

వేళ మార్చడం మీరే చేయకండి, రెండు మోతాదులు దగ్గర పడకూడదు. ఆవిడ డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి.

కిరణ్_ఎడిసన్ · సోమవారం

పాతిక పోస్టుల తర్వాత దోషి చేతి గడియారం 😂

వరంగల్_డాక్టరమ్మ · మంగళవారం

నవ్వకండి, మా ఓపీలో సగం నిద్రలేమి ఇలాగే తేలుతుంది. ఐదున్నర కాఫీ కూడా ఉంది. కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది, పదకొండింటికి ఇంకా అర కప్పు ఒంట్లో ఉన్నట్టే. సోఫా కునుకు అరగంటకి కుదించి, పొద్దున ఆవిణ్ణి ఎండలో నడిపించండి. ఇవన్నీ సర్దాక కూడా నెలల తరబడి నిద్ర పట్టకపోతే అప్పుడు మొదట చూడాల్సింది సీబీటీ-ఐ అనే పద్ధతి. నిద్ర వేళలనీ అలవాట్లనీ వారాల తరబడి ఓపికగా తిరిగి కట్టడం. గమ్మీ అంత తియ్యగా ఉండదు.

శ్రీనూ, నిన్ను మరిచిపోలేదు. సెట్రిజిన్ మత్తు మర్నాటి దాకా ఉంటుంది, బండి మీద వెళ్తావు కదా. గురక పెడతావా?

శ్రీను_నైట్‌షిఫ్ట్ · మంగళవారం

రూమ్మేట్ వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. ట్రాక్టర్ అంటారు నన్ను.

వరంగల్_డాక్టరమ్మ · మంగళవారం

ఆ వీడియోలో మధ్యలో గురక ఆగి, కాసేపటికి ఉలిక్కిపడి ఊపిరి తీసుకోవడం ఉందేమో చూడు. ఉంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకో. ఊపిరి ఆగేవాడు మత్తుమందులతో ఇంకా మొద్దుగా పడుకోవడం మంచిది కాదు.

శ్రీను_నైట్‌షిఫ్ట్ · మంగళవారం

ఉంది. పదిహేను సెకన్లు ఆగుతోంది. లెక్కపెట్టా.

మాధవి_డల్లాస్ · ఆదివారం

అప్‌డేట్. తెనాలి డాక్టర్ గారు బీపీ చూసుకుని చెప్పమన్నారు. మామూలుగానే ఉంది. ఆ రాత్రి బిళ్ళ మానేసి మర్నాడు డల్లాస్ టైము పొద్దున ఎనిమిదికి వేయమన్నారు. గడియారం మార్చాను. అమ్మ రెండు రోజులు అలిగింది, "నాన్నగారు కొనిచ్చింది, ముల్లు ఎందుకు తిప్పావు" అని. సాయంత్రం కాఫీ మూడింటికి జరిగింది, దానికీ అలిగింది. నిన్న రాత్రి ఒక్కసారే లేచింది, ఐదింటికి. మొన్న రెండుసార్లు. కునుకు మాత్రం ఇంకా మానలేదు, సీరియల్ మొదలవగానే తల వాలుతోంది.

గమ్మీలు, బ్లెండ్ తిరిగి ఇచ్చేశాను. మెగ్నీషియం ఉంచాను, నాకోసం.

ఇప్పుడు కొత్త సమస్య. తెనాలి నుంచి పిన్ని ఫోన్. "అక్కకి అమెరికా బిళ్ళలతో నిద్ర పడుతోందటగా, వచ్చేటప్పుడు నాలుగు సీసాలు తెమ్మను" అని. అమ్మ సరేనని మాటిచ్చేసింది!

మందులషాపు_మూర్తి · ఆదివారం

పిన్నిగారు ఏమేం వాడుతున్నారో ముందు కనుక్కోండి.

మాధవి_డల్లాస్ · ఆదివారం

అడిగితే వాట్సాప్‌లో ఫోటో పంపింది. పదకొండు స్ట్రిప్పులున్నాయి. పైనుంచి రెండోది గులాబీ రంగు, రాత్రి పడుకునే ముందు వేసుకుంటుందట, ఎవరు రాశారో గుర్తులేదట. షాపులో పది బిళ్ళల స్ట్రిప్‌ని కత్తిరించి నాలుగే ఇచ్చారు, పేరున్న ముక్క అటు పోయింది. "...జోలం" అని మాత్రం కనిపిస్తోంది.

మందులషాపు_మూర్తి · ఆదివారం

సీసాలు కొనకండి. స్ట్రిప్ వెనక్కి తిప్పి, వెలుతురులో పెట్టి, ఇంకో ఫోటో తీయమనండి. నేను షాపులోనే ఉన్నాను, పది దాకా ఉంటాను.